బరువా, లెక్కా? పర్లాకిమిడిలో ఒక ప్లస్ టూ అమ్మాయి, ఒక మోల్ కాన్సెప్ట్

పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్స్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఇక్కడ రాస్తున్నది ఒక్క అమ్మాయి గురించి, మోల్ కాన్సెప్ట్ అనే ఒక్క చాప్టర్ గురించి. మోల్ అంటే డజను లాంటి ఒక లెక్క, అణువుల్లాంటి చిన్న కణాలను లెక్కపెట్టడానికి. ఆ అమ్మాయీ వాళ్ళమ్మా సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, కాలేజీ, వీధి రాయను. రెండు మూడు భాషల మధ్య నలిగే పిల్లలకు మోల్ కాన్సెప్ట్ చెప్పే టీచర్లు ఎవరైనా ఉంటే, నేను పోగొట్టుకున్న నెల రోజులు వాళ్ళు పోగొట్టుకోకూడదని నా ఆశ.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. శ్రీకాకుళం వైపు నుంచి వస్తే పాతపట్నం దాటగానే మా ఊరు, ఒడిశాలో గజపతి జిల్లా. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఊరు అటు చేరింది. ఇళ్ళలో తెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ అమ్మాయి ఇంట్లో మాట్లాడేది తెలుగు. పదో తరగతి దాకా చదివింది ఒడియా మీడియం. ప్లస్ టూలో చేతికిచ్చిన కెమిస్ట్రీ పుస్తకం ఇంగ్లీషు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవలేదు, రాయలేదు. పాతపట్నంలో ఉన్న పెద్దమ్మ కూతురు ఇంటర్ తెలుగు మీడియం. ఇద్దరూ ఒకే పాఠం చదువుతున్నా ఒకరి నోట్స్ ఇంకొకరికి పనికిరాదు.

ఆగస్టులో వాళ్ళమ్మ వెంటబెట్టుకుని వచ్చింది. "చదువుతాది మాస్టారూ, రాత్రి పన్నెండు దాకా కూకుంటాది. మార్కులే రావు. ఏటి చెయ్యాలో తెలీడం లేదు" అంది. కాలేజీలో మొదటి చాప్టర్ తొమ్మిది రోజుల్లో ముగించి ముందుకు వెళ్ళిపోయారట. యూనిట్ టెస్టులో 25కి 9 వచ్చాయి.

ఆ పేపర్ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో తప్పుల కంటే నన్ను ఎక్కువ తికమక పెట్టినవి ఒప్పులే. 36 గ్రాముల నీళ్ళలో ఎన్ని మోల్‌లు? ఒక మోల్ నీళ్ళు 18 గ్రాములు కాబట్టి రెండు అని సరిగ్గా రాసింది. ఆ నీళ్ళలో ఎన్ని ఆక్సిజన్ పరమాణువులు? అదీ ఒప్పే. 28 గ్రాముల నైట్రోజన్, 3 గ్రాముల హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేస్తే లిమిటింగ్ రీయేజెంట్ (ముందు అయిపోయి చర్యను ఆపేసేది) ఏది? హైడ్రోజన్. అదీ ఒప్పే, పూర్తి మార్కులు. కానీ 2 మోల్‌ల హైడ్రోజన్ వాయువు బరువెంత అంటే 4 గ్రాములకు బదులు 2 గ్రాములని రాసింది. కష్టమైనవి వచ్చి తేలికైనది ఎందుకు రాలేదు?

నేను తొందరపడ్డాను. తప్పయిన లెక్కల్లో సగం పది ఘాతాల దగ్గర తప్పాయి. అసలు జబ్బు లెక్కల్లోనే ఉందని తేల్చేసి, ఘాతాంకాల మీద నలభై లెక్కలు ఇచ్చాను. పది రోజుల్లో అన్నీ చేసేసింది. కూడికలు, తీసివేతలు చక్కబడ్డాయి. అయినా మళ్ళీ టెస్టు పెడితే మోల్ ప్రశ్నలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అప్పుడు భాష మీద అనుమానం వచ్చింది. పెద్దమ్మ కూతురి దగ్గర నుంచి ఇంటర్ తెలుగు మీడియం పుస్తకం తెప్పించాను. ఆ పిల్ల తెలుగు చదవలేదన్న సంగతి అప్పటిదాకా నేను అడగనేలేదు. పుస్తకం తెరిచి తలదించుకుని కూర్చుంది. సరే, నేనే చదివి వినిపిస్తానని మొదలుపెడితే, "ద్రవ్యరాశి" అనగానే ఆగింది. తనకు తెలిసిన ఒడియా మాట "వస్తుత్వ". "ద్రావణం" (సొల్యూషన్) అంటే తను బళ్ళో నేర్చుకున్న "ద్రవణ" గుర్తొచ్చింది, బాగానే ఉంది. కానీ తెలుగు పుస్తకంలో "ద్రవం" అంటే లిక్విడ్, దాన్ని ఒడియాలో "తరళ" అంటారు. ద్రవం అని విన్న ప్రతిసారీ ఆ పిల్ల ద్రవణమే అనుకుంటోంది. ఆక్సిజన్ బళ్ళో "అమ్లజాన", నైట్రోజన్ "యవక్షారజాన". పుస్తకాల తెలుగు ఆ పిల్లకు ఇంటి భాష కాదు. అది నాలుగో భాష అయి కూర్చుంది. ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పరిభాష తెలుగు వేరు అని నాలాంటివాడికి ఎవరో చెప్పాల్సిన పని లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. అయినా ఆ పొరపాటు చేశాను.

(అమ్లజాన మాటకు అర్థం "ఆమ్లాన్ని పుట్టించేది". లావోయిజర్ పెట్టిన ఆక్సిజన్ అన్న పేరుకు కూడా అదే అర్థం. అన్ని ఆమ్లాల్లోనూ అది ఉంటుందని ఆయన అనుకున్నాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదు. క్లోరిన్ మూలకమేనని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాక ఆ అభిప్రాయం నిలవలేదు. పేరు మాత్రం ఉండిపోయింది. అమ్లజాన అని చదివిన పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను. లేకపోతే ఆమ్లం చాప్టర్ వచ్చినప్పుడు ఆ మాటే వాళ్ళకు అడ్డుపడుతుంది.)

చివరికి చేసిన పని చాలా చిన్నది. పుస్తకం మూసేసి, "మోల్ అంటే ఏంటమ్మా? మీ అమ్మకు చెప్పినట్టు చెప్పు" అన్నాను.

"అవొగాడ్రో నంబర్ మాస్టారూ."

"అంటే?"

"6.022 ఇంటూ టెన్ టు ది పవర్ 23."

"అది బరువా, లెక్కా?"

చాలాసేపు ఆలోచించింది. నేనూ నోరు మెదపకుండా ఆగాను. "బరువే కదా మాస్టారూ? గ్రాముల్లో వస్తాది కదా" అంది.

అసలు సంగతి ఆ ఒక్క మాటతో బయటపడింది. అప్పుడే కాగితం మీద ఒక ప్రశ్న రాసిచ్చాను: 1 గ్రాము హైడ్రోజన్ వాయువు, 16 గ్రాముల ఆక్సిజన్ వాయువు, దేంట్లో ఎక్కువ అణువులున్నాయి? క్షణం కూడా ఆగకుండా ఆక్సిజన్ అంది. ఒక మోల్ హైడ్రోజన్ వాయువు 2 గ్రాములు, ఆక్సిజన్ వాయువు 32. కాబట్టి రెండూ అర మోలే, రెంటిలోనూ అణువులు సమానం. ఆ పిల్ల మనసులో మాత్రం బరువు ఎక్కువుంటే లెక్క ఎక్కువ.

పాత పేపర్ మళ్ళీ తీశాను. 28 గ్రాముల నైట్రోజన్, 3 గ్రాముల హైడ్రోజన్. ఎలా చేశావని అడిగితే, "తక్కువున్నది లిమిటింగ్ కదా మాస్టారూ, 3 తక్కువ" అంది. నైట్రోజన్ ఒక మోల్‌కు హైడ్రోజన్ మూడు మోల్‌లు కావాలి. ఉన్నది ఒకటిన్నరే. కాబట్టి జవాబు ఒప్పే, 17 గ్రాముల అమ్మోనియా వస్తుంది. కానీ ఆ దారిలో వచ్చిన ఒప్పు కాదు. అదే లెక్కలో హైడ్రోజన్‌ను 10 గ్రాములు చేసి ఇచ్చాను. మళ్ళీ హైడ్రోజనే అంది, 28 కంటే 10 తక్కువ కాబట్టి. 10 గ్రాములంటే 5 మోల్‌లు, కావలసింది మూడే. ఇక్కడ ముందు అయిపోయేది నైట్రోజన్. అమ్మోనియా 34 గ్రాములు వస్తుంది, 4 గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది. పేపర్ దిద్దినవాళ్ళు ఆ మూడు మార్కులు ఇచ్చి ముందుకు వెళ్ళారు. నేనైనా అంతే చేసేవాణ్ణి. ఆ మార్కులే ఇన్నాళ్ళూ లోపాన్ని కప్పిపెట్టాయి.

2 మోల్‌ల హైడ్రోజన్ దగ్గర జరిగింది కాస్త వేరు. అక్కడ అణువుకూ పరమాణువుకూ తేడా చెదిరింది. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువులుంటాయి, ఆ పిల్ల ఒక్కటే లెక్కేసింది. రోజువారీ తెలుగులో అణుబాంబు, అణుశక్తి అంటాం. అక్కడ అణువంటే అసలు అర్థం పరమాణువే. ఈ గందరగోళం ఈ పిల్లతో మొదలు కాలేదు. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్ నీళ్ళను ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు. అవొగాడ్రో 1811లోనే సరైన దారి చూపించినా, 1860లో కార్ల్స్‌రూహే సమావేశంలో కానిజారో విడమరిచి చెప్పేదాకా పెద్ద పెద్ద కెమిస్టులు కూడా అణువు, పరమాణువు కలిపేసి తన్నుకున్నారు. యాభై ఏళ్ళు వాళ్ళకు పట్టింది. అది చెప్పినప్పుడు ఆ పిల్ల ముఖంలో మొదటిసారి కొంచెం తేలిక కనిపించింది.

ఇంకో మాట. మోల్ పాత నిర్వచనం "12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులున్నాయో అన్ని" అని గ్రాములతో మొదలయ్యేది. 2019 మే 20 నుంచి దాన్ని మార్చారు. ఇప్పుడు మోల్ అంటే కచ్చితంగా 6.02214076 ఇంటూ 10 పవర్ 23 కణాలు, అంతే. లెక్క మాత్రమే, గ్రాముల ఊసు లేదు. ఈ పిల్ల బట్టీ పట్టిన గైడ్‌లో పాతదే ఉంది. "గ్రాముల్లో వస్తాది కదా" అనడంలో ఆ పిల్ల తప్పు ఎంత?

విస్తరాకులు

వాళ్ళమ్మ అడ్డాకులతో విస్తళ్ళు కుట్టి అమ్ముతుంది. సంతలో ఆకుల కట్టలు కొని, చీపురు పుల్లలు చిన్న ముక్కలుగా విరిచి కుడుతుంది. నేను ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది ఫీజు సంగతి మాట్లాడడానికి. అరుగు మీద ఆమె ఆకులు తూస్తోంది. లెక్కపెట్టరా అని అడిగాను.

"ఒక్కోటీ లెక్కెడితే తెల్లారిపోద్ది మాస్టారూ. వంద ఆకులు ఒకసారి తూచుకుంటాను. ఇంక కట్ట ఎంత తూగిందో చూస్తే ఎన్ని ఆకులో తెలిసిపోద్ది" అంది.

పంతొమ్మిదేళ్ళలో మోల్ పాఠం ఇంత చక్కగా నేను ఎప్పుడూ చెప్పలేదు. కూతుర్ని పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పించాను. ఆ రోజు కట్టలో వంద ఆకులు 190 గ్రాములు తూగాయి. వంద పుల్ల ముక్కలు తూస్తే 15 గ్రాములు. "రెంటిలో ఏవి ఎక్కువమ్మా?" అంటే నవ్వింది, "రెండూ వందే కదా మాస్టారూ." కాసేపాగి, తనే నోటుబుక్ తెచ్చి 1 గ్రాము హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ ప్రశ్న ముందు పెట్టుకుంది. నేనేమీ అనలేదు. పది నిమిషాలు పట్టింది. అర మోల్, అర మోల్ అని రాసి కింద గీత గీసింది.

విస్తరికి 6 ఆకులు, 18 ముక్కలు అని వాళ్ళమ్మ లెక్క. ఒకటికి మూడు, నైట్రోజన్‌కు హైడ్రోజన్ లాగే. 190 గ్రాముల ఆకులు, 30 గ్రాముల పుల్లలు ఉంటే ఏది ముందు అయిపోతుంది? బరువు చూస్తే పుల్లలే తక్కువ. లెక్క చూసినా, ఆకులు వంద, ముక్కలు 200, కావలసినవి 300, పుల్లలే ముందు అయిపోతాయి. మరి పుల్లలు 60 గ్రాములుంటే? బరువులో ఇప్పటికీ ఆకుల కంటే తక్కువే. ముక్కలు మాత్రం 400. ఈసారి ఆకులు అయిపోతాయి, వంద ముక్కలు మిగులుతాయి. ఆ 10 గ్రాముల హైడ్రోజన్ లెక్క ఇదే. ఈ రెండో లెక్క చేశాక "తక్కువున్నది లిమిటింగ్" అన్న మాట మళ్ళీ ఆ నోట వినలేదు. "ముందు అయిపోయేది" అంటుంది.

ఆ తర్వాత నోట్స్ సంగతి. తెలుగు రాయడం రాదు, ఇంగ్లీషు వాక్యం తన మాట కాదు. అందుకని తెలుగు వాక్యాలనే ఒడియా లిపిలో రాసుకోమన్నాను. పేజీకి ఎడమవైపు ఇంటి తెలుగు, ఒడియా అక్షరాల్లో. కుడివైపు పరీక్షలో రాయాల్సిన ఇంగ్లీషు వాక్యం. మొదట సిగ్గుపడింది, ఎవరైనా చూస్తే నవ్వుతారని. నా ఒడియా దస్తూరి అంతకంటే వంకర, అదే చూపించాను. వారంలో అలవాటైపోయింది.

వెనిగర్, వంట సోడా

ఆకుల పోలిక ఒక చోట ఆగిపోతుంది. విస్తరి కుట్టాక కూడా ఆకు ఆకే. రసాయన చర్యలో పదార్థమే మారిపోతుంది. ఆ తేడా మాటలతో చెబితే ఎక్కదు. ఒక ఆదివారం వెండి పనివాళ్ళు వాడే చిన్న కాటా, 0.01 గ్రాము దాకా చూపించేది, అడిగి తెచ్చాను. కిరాణా కొట్టు నుంచి 4 శాతం అసిటిక్ ఆమ్లం ఉన్న వెనిగర్ సీసా, వంట సోడా పొట్లం తెచ్చాం. ఫ్యాన్ ఆపేశాం. తిరుగుతుంటే కాటాలో అంకె నిలవదు.

మూడు పొడుగు ప్లాస్టిక్ గ్లాసుల్లో తలా 50 మిల్లీలీటర్ల వెనిగర్. అందులో అసిటిక్ ఆమ్లం 2 గ్రాములు, అంటే మోల్‌లో ముప్పయ్యో వంతు. వంట సోడా ఒక మోల్ 84 గ్రాములు, ముప్పయ్యో వంతు 2.8 గ్రాములు. మొదటి గ్లాసుకు 1.4, రెండో దానికి 2.8, మూడో దానికి 4.2 గ్రాముల సోడా కాగితాల్లో తూచిపెట్టుకున్నాం. సోడా కాగితాన్నీ గ్లాసునీ కలిపి తూచడం, సోడా కొంచెం కొంచెంగా వేయడం, పొంగు తగ్గాక కాగితంతో సహా మళ్ళీ తూచడం. తగ్గిన బరువు గాలిలోకి పోయిన కార్బన్ డయాక్సైడ్.

వేసేముందు ఊహించి రాయమన్నాను. సోడా పెరిగే కొద్దీ గ్యాస్ పెరుగుతుందని రాసింది. అంకెలు ఇలా వచ్చాయి: మొదటి గ్లాసులో 0.62 గ్రాములు, రెండో దాంట్లో 1.31, మూడో దాంట్లో 1.33. లెక్క ప్రకారం రావలసినవి 0.73, 1.47, 1.47. కొంత గ్యాస్ నీళ్ళలో కరిగి ఉండిపోతుంది, బరువైన గ్యాస్ కాబట్టి కొంత గ్లాసులోనే నిలుస్తుంది, అందుకే తక్కువ. అది తర్వాత మాట్లాడుకున్నాం. ఆ క్షణంలో ఆ పిల్ల చూస్తున్నది మూడో అంకెను. కాటా తప్పేమోనని గ్లాసు తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ 1.33. "పుల్లలు అయిపోయాయి మాస్టారూ" అంది.

అయితే ఏది మిగిలిందో చూపించమన్నాను. మూడో గ్లాసులో సోడా అంతా కరిగిపోయి కంటికి ఏమీ కనబడడం లేదు. తనే సీసా అందుకుని ఒక చెంచా వెనిగర్ పోసింది, బుస్సుమని పొంగింది. మొదటి గ్లాసులో పోస్తే ఏమీ కాలేదు. దాంట్లోకి చిటికెడు సోడా వేసింది, పొంగింది. నేను చెప్పకుండా తనకు తానే చేసిన పరీక్ష అది. ఆ నాలుగు నిమిషాలు నాకు చాలాకాలం గుర్తుంటాయి.

తర్వాత

అంతా సాఫీగా సాగిందని చెప్పను. నేను మూడు క్లాసుల్లో ముగించే పాఠానికి పదకొండు క్లాసులు పట్టాయి. అవతల కాలేజీలో మూడో చాప్టర్ నడుస్తోంది. వాళ్ళమ్మకు టెన్షన్, నాకూ టెన్షనే. అక్టోబరులో మళ్ళీ ఒకటి తప్పింది. 18 గ్రాముల నీళ్ళ ఘనపరిమాణం ఎంత అంటే 22.4 లీటర్లు అని రాసింది. "ఒక మోల్ కదా మాస్టారూ." ఒక మోల్‌కు 22.4 లీటర్లన్నది వాయువులకే, అదీ 0 డిగ్రీల దగ్గర ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడిలో. ఇప్పటి ప్రమాణం ప్రకారం ఒక బార్ ఒత్తిడిలో 22.7 లీటర్లు. గైడ్‌లో ఒకటి, పుస్తకంలో ఒకటి ఉండడంతో ఏ సంఖ్య రాయాలన్న గొడవలో పడి, దేనికి రాయాలో మరిచిపోయింది. దగ్గు మందు మూతతో నీళ్ళు కొలిపించాను, 18 మిల్లీలీటర్లు, ఒక్క గుక్క. పక్కనే 20 లీటర్ల నీళ్ళ క్యాన్ ఉంది. అదే నీరు ఒక మోల్ వాయువైతే ఈ క్యాన్ కూడా చాలదని చూపించాను. మళ్ళీ ఆ తప్పు రాలేదు.

క్లోరిన్ పరమాణు భారం 35.5 దగ్గర తనే అడిగింది, సగం పరమాణువు ఎలా ఉంటుందని. కట్టలో అన్ని ఆకులూ ఒకే బరువా అన్నాను. కాదంది. 35 బరువున్నవి నాలుగింట మూడు, 37వి నాలుగింట ఒకటి అని చెప్పి వదిలేశాను. సగటు తనే తీసుకుంది.

డిసెంబరు టెస్టులో మొదటి చాప్టర్ నుంచి ఎనిమిది ప్రశ్నలిచ్చాను. నాలుగింట్లో బరువు చూసి జవాబు రాస్తే తప్పయ్యేలా పెట్టాను. ఎనిమిదింట్లో ఏడు వచ్చాయి. పోయిన ఒక్కటి మొలాలిటీ, అంటే కిలో ద్రావణిలో (కరిగించే ద్రవంలో) ఎన్ని మోల్‌లు కరిగాయన్న లెక్క. ద్రావణం బరువును ద్రావణి బరువు అనుకుని భాగించింది. ద్రవం, ద్రవణం, ద్రావణం గొడవ పూర్తిగా పోలేదన్నమాట. ఇప్పుడు ఈక్విలిబ్రియం చదువుతోంది. ఎడమవైపు ఒడియా అక్షరాల తెలుగు తగ్గుతూ వస్తోంది. తగ్గించమని నేను చెప్పలేదు.

ఈ ఏడాది కొత్త బ్యాచ్‌కు మొదటి రోజే 1 గ్రాము హైడ్రోజన్, 16 గ్రాముల ఆక్సిజన్ ప్రశ్న ఇచ్చాను. పద్నాలుగు మందిలో పదిమంది ఆక్సిజన్ అన్నారు. ఒక్కొక్కరినీ వాళ్ళ ఇంటి భాషలో నోటితో చెప్పమన్నాను. తెలుగు, ఒడియా పిల్లల దగ్గర తప్పు ఎక్కడుందో వింటూనే తెలిసింది. వెనక వరుసలో ఒక సవర అబ్బాయి ఉన్నాడు, గుమ్మ కొండల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. పక్కన కూర్చున్న స్నేహితుడికి సవరలో చెప్పమన్నాను. చేతులు తిప్పుతూ రెండు నిమిషాలు చెప్పాడు. స్నేహితుడు తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ వాదించుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నూరేళ్ళకు ముందు ఇదే ఊళ్ళో గిడుగు వారు ఆ పిల్లల కోసం ఆ భాష నేర్చుకుని బళ్ళు పెట్టించారు. క్లాసు అయ్యాక ఆ అబ్బాయిని ఆపి, బరువును సవరలో ఏమంటారు, లెక్కను ఏమంటారు అని అడిగాను. రెండు మాటలు చెప్పాడు. నా పలుకు రెండుసార్లు సరిదిద్దాడు. రాసుకున్నాను.